కాగితాలు లేనివాళ్లకి ఆసుపత్రిలో, స్టేషన్లో ఏం జరుగుతుంది?

2021 మే నెలలో ఒక వీడియో ఈశాన్య రాష్ట్రాల ఫోన్లలో తిరిగింది. ఒక యువతి మీద కొందరు చేస్తున్న దారుణం అది. అస్సాం పోలీసులు నిందితుల ఫొటోలు బయటపెట్టి, ఆచూకీ తెలిస్తే చెప్పమన్నారు. తీగ లాగితే డొంక బెంగళూరులో కె.ఆర్.పురం పక్కనే ఉన్న రామమూర్తి నగర్‌లో కదిలింది. బాధితురాలూ, నేరం చేసినవాళ్లలో ఎక్కువమందీ బంగ్లాదేశ్ నుంచి వీసా, పాస్‌పోర్టు లేకుండా వచ్చినవాళ్లే. బెంగళూరు పోలీసులు ఆమెను కేరళలోని కోళికోడ్‌లో వెతికి పట్టుకున్నారు, కొన్ని వారాల్లోనే ఛార్జిషీటు వేశారు. 2022 మేలో ప్రత్యేక కోర్టు ఏడుగురికి యావజ్జీవ శిక్ష వేసింది.

దర్యాప్తుకు వంక పెట్టడానికి లేదు. అయితే ఆమె స్టేషన్ మెట్లెక్కి ఫిర్యాదు ఇవ్వలేదు. వీడియో బయటికి రాకపోతే కేసే లేదు. కాగితాలు లేని మనిషికి స్టేషన్ అంటే న్యాయం దొరికే చోటు కాదు, తనే దొరికిపోయే చోటు. ఆ భయంలో నిజమెంత, అపోహ ఎంత?

రాజ్యాంగంతో మొదలుపెడదాం. భావ ప్రకటన, నచ్చిన చోట నివాసం లాంటి 19వ అధికరణం హక్కులు పౌరులవి. ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణం మాత్రం ‘ఏ వ్యక్తికైనా’ అంటుంది, పౌరుడు అనదు. హౌరా స్టేషన్‌కు చెందిన యాత్రీ నివాస్‌లో అత్యాచారానికి గురైన బంగ్లాదేశ్ మహిళకు 10 లక్షల పరిహారం ఇవ్వాల్సిందేనని 2000లో సుప్రీంకోర్టు రైల్వేకు చెప్పింది ఈ ఆధారంతోనే.

వైద్యం సంగతీ అంతే. గాయపడిన మనిషి వస్తే ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసు లాంఛనాలు తర్వాత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఒకటే నియమం. కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో అడ్వాన్సు కట్టమని ఆపకూడదు. అత్యాచార బాధితులకు, యాసిడ్ దాడి బాధితులకు ఏ ఆసుపత్రైనా ఉచితంగా చికిత్స చేసి తీరాలని నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. వీటిలో ఎక్కడా జాతీయత అడగమని లేదు.

మరి ఓపీ కౌంటర్ దగ్గర? చెత్త ఏరుకునే మనిషి చేతిలో గాజు గుచ్చుకుని, గుడ్డ చుట్టుకుని వరుసలో నిలబడితే అద్దం వెనక నుంచి వచ్చే మొదటి మాట, “ఆధార్ కొడమ్మా (ఇవ్వమ్మా).” గుమాస్తా అడిగేది చీటీ రాసుకోడానికే కావచ్చు. కానీ ఆ మాట విని వరుసలోంచి తప్పుకుని, మెడికల్ షాపులో ఏదో మాత్ర కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లుంటారు. నిజానికి ఆధార్ పౌరసత్వానికి రుజువే కాదని ఆధార్ చట్టమే చెబుతుంది. ఆరోగ్య కర్ణాటక లాంటి పథకాల్లో ఉచిత చికిత్సకు కార్డు కావాలి, నిజమే. పథకానికి అర్హత వేరు, కట్టు కట్టించుకునే హక్కు వేరు. కౌంటర్ దగ్గర ఈ రెండూ కలిసిపోతున్నాయి.

భయం పూర్తిగా అపోహ కూడా కాదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం ప్రకారం ఇన్‌పేషెంటుగా చేరిన విదేశీయుల వివరాలను ఆసుపత్రి రిజిస్ట్రేషన్ అధికారికి పంపాలి. అంటే వైద్యం నిరాకరించే అధికారం ఆసుపత్రికి లేదు, సమాచారం ఇవ్వకుండా ఉండే వీలూ లేదు. కొట్లాట, కాలిన గాయం, విషం లాంటివైతే మెడికో లీగల్ కేసుగా నమోదై పోలీసులకు కబురు వెళ్తుంది. అది గాయం గురించిన కబురే. అయినా వచ్చిన కానిస్టేబుల్ ఊరేదని అడిగితే ఏం చెప్పాలన్నదే వాళ్ల బెంగ. వైద్యానికీ ఈ ఆరాలకీ మధ్య గోడ కట్టనంతకాలం వైద్యం హక్కు సగం హక్కే అని నా అభిప్రాయం.

పోలీసుల వైపు కొత్త చట్టం గట్టిగానే ఉంది. కాగితాలు లేకుండా దేశంలోకి వస్తే ఐదేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వీసా గడువు దాటి ఉంటే మూడేళ్లు, 3 లక్షలు. హెడ్ కానిస్టేబుల్ స్థాయి అధికారి వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. విదేశీయుణ్ని కానని నిరూపించుకునే భారం మనిషి మీదే. ఆ చివరి మాటే పేదవాడి మెడకు చుట్టుకుంటుంది, ఎందుకంటే నిరూపించుకోలేకపోవడం విదేశీయులకే ఉండే కష్టం కాదు. 2020 జనవరిలో బెళ్ళందూరు పక్కన కరియమ్మన అగ్రహారలో బంగ్లాదేశీయులంటూ గుడిసెలు కూల్చేశారు. తీరా చూస్తే అక్కడ ఉన్నవాళ్లలో అస్సాం, త్రిపుర వాళ్లే కాదు, ఉత్తర కర్ణాటక వాళ్లూ ఉన్నారు. ఆ కూల్చివేత చట్టవిరుద్ధమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంతకు రెండు నెలల ముందు రామమూర్తి నగర్, మారతహళ్ళి, బెళ్ళందూరుల్లో పట్టుకున్న సుమారు 60 మందిని రైల్లో హౌరాకు తీసుకెళ్లారు.

సరిహద్దు దాటి వచ్చినవాళ్లను పంపించే హక్కు ఏ దేశానికైనా ఉంది. దాన్ని కాదనడం లేదు. పంపడానికీ ఒక పద్ధతుంది: కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, వాళ్ల రాయబార కార్యాలయానికి తెలిసే వీలివ్వాలి.

కాగితాలు లేనివాళ్ల భయం మన తెలుగువాళ్లకు కొత్త కథా కాదు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లి, సేఠ్ వేధింపులు తట్టుకోలేక బయటపడి, అకామా (నివాస అనుమతి) పోగొట్టుకున్న ఆడవాళ్ల సంగతి మన ఊళ్లలో అందరికీ తెలుసు. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లయితే అలాంటివాళ్లను ఖల్లివల్లి అంటారు. జ్వరమొస్తే ఆసుపత్రికి పోరు, కొడితే పోలీసులకు చెప్పరు, ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) కోసం ఎదురుచూస్తారు. 2018లో కువైట్ ఆమ్నెస్టీ ప్రకటిస్తే వాళ్లను ఇళ్లకు చేర్చాలని మనమే గట్టిగా అడిగాం. అక్కడ మన చెల్లెలికి కోరిన కనికరం ఇక్కడ పరాయి చెల్లెలికి ఎందుకు చేదవుతుందో నాకు అర్థం కాదు.

కె.ఆర్.పురంలో ఉండే మనవాళ్లకు ఒక మాట. మీ వీధిలో చెత్త ఏరేవాళ్లో, పక్కింట్లో పనిచేసే అమ్మాయో దెబ్బ తగిలి పడి ఉంటే ఊరేదని ఆరా తీయకుండా 108కి ఫోన్ చేయండి. హింస జరుగుతుంటే 112కి చేయండి. ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, మనుషుల అక్రమ రవాణా బాధితులకు 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా లాయరు దొరుకుతారు. ఆ ఫోన్ నంబరు 15100.