నాలుగుకాళ్ల బల్ల ఏల ఊగును?

సాయంకాలము ఆరుగంటలు దాటిన పిమ్మట హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు రోడ్ల వెంబడి నడచి చూడుడు. కార్యాలయముల నుండి వెలువడిన యువతీయువకులు తినుబండారముల బండ్ల చుట్టును చేరి, ఆరుబయట వేసిన బల్లల వద్ద ఇడ్లీయో దోసెయో తినుచు కనబడుదురు. 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన నాటికి ఈ చుట్టుప్రక్కల పెద్ద పెద్ద రాతిగుండ్లే హెచ్చుగా ఉండెడివి. వానిలో చాలవరకు ఇప్పుడు లేవు. కాని నేలలోని ఎగుడుదిగుడు మాత్రము పూర్తిగా పోలేదు.

ఇట్టి చోటనే ఒకనాడు నేను టీ త్రాగుచుంటిని. ఎదుట కూర్చున్న ఆయన మోచేయి ఆనించగానే బల్ల తటాలున అటువైపు ఒరిగినది. నిండు గ్లాసు దొర్లి, ప్రక్కనున్న పసివాని చేతిమీద పడవలసిన వేడి టీ జానెడు దూరములో నేలపాలైనది. డెబ్బది డిగ్రీల వేడిగల ద్రవము పసివారి చర్మమును బొబ్బలెక్కించుటకు ఒక్క క్షణము చాలును. బండివద్ద పనిచేయు కుర్రవాడు పరుగున వచ్చి, అట్టముక్కను మడచి కాలి క్రింద పెట్టెను. "ఈడ నేల గిట్లనే ఉంటది సార్. రోజుకు పది అట్టలు మడుస్త" అనెను. పది నిమిషములు గడచునప్పటికి అట్ట తడిసి నలిగినది. బల్ల మరల ఊగసాగినది.

అట్ట లేకుండ ఈ బల్లను నిలుపవచ్చునా? నిలుపవచ్చును. దానికి కావలసిన గణితము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనంతటిది కాదు.

మొదట మూడుకాళ్ల సంగతి చూతము. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఒక్కటంటే ఒక్కటే సమతలము పోవును. కాబట్టి ముక్కాలిపీటను ఎట్టి నేలపై పెట్టినను మూడు కాళ్లును నేలను తాకియే తీరును. పల్లెటూరి పొయ్యికి మూడు రాళ్లే పెట్టుట, సర్వేవారి థియోడొలైటును మూడుకాళ్ల పీఠముపై నిలుపుట ఇందువలననే. హైదరాబాదు గుండ్లలో ఒకదానిపై ఒకటి కుదురుగా నిలిచినవానిని మీరు చూచియుందురు; గచ్చిబౌలిలోని విశ్వవిద్యాలయ ఆవరణలో పుట్టగొడుగు ఆకారపు బండ ప్రసిద్ధమైనది. ఒక గుండు మరియొక బండపై రెండుచోట్లనే ఆనినచో అది అటోయిటో ఒరుగును. మూడవచోటు తగిలిన పిమ్మటనే కుదుటపడును.

నాలుగవ కాలు వచ్చుటతోనే చిక్కు మొదలగును. మూడు కాళ్లు సమతలమును నిర్ణయించివేసినవి. నాలుగవదాని క్రింది నేల కూడ సరిగా ఆ తలములోనే ఉండవలెనన్న నియమమేమియు లేదు.

లెక్క వేసి చూతము. చదరపు బల్లకు నాలుగు సమానమైన కాళ్లు కలవనుకొనుడు. అవి ఆనవలసిన చోట్లను వరుసగా క, ఖ, గ, ఘ అందము. ఒక మట్టము నుండి కొలువగా అచ్చటి నేల ఎత్తులు వరుసగా 3, 8, 5, 4 మిల్లీమీటర్లు. బల్లకు రెండు కర్ణములు కలవు: ఒకటి క నుండి గ కు, రెండవది ఖ నుండి ఘ కు. రెండును బల్ల నడుమ ఖండించుకొనును. నడిమి బిందువు ఎత్తు కర్ణపు రెండు కొనల ఎత్తులలో సగటు గనుక, నాలుగు కాళ్లును ఆనవలెనన్న రెండు కర్ణముల మొత్తములును సమానము కావలెను. ఇచ్చట క, గ ల మొత్తము 8. ఖ, ఘ ల మొత్తము 12. కాబట్టి బల్ల ఎత్తైన ఖ, ఘ లపై ఆని, మిగిలిన రెంటి నడుమ ఊగును. దానిని క వైపు అదిమినచో గ వద్ద కాలి కొన 12 − 3 = 9 మి.మీ. ఎత్తున ఉండును, నేల 5 గనుక సందు 4 మి.మీ. గ వైపు అదిమినచో క వద్దను సందు 4 మి.మీ.లే. సందు ఎటుచూచినను మొత్తముల భేదమునకు సమానము. కుర్రవాడు మడచిన అట్ట ఈ భేదమునే పూరించినది.

ఇక బల్లను ఎత్తి ఎక్కడికిని మోయక, ఉన్నచోటనే నడుమ బిందువు కదలకుండ మెల్లగా త్రిప్పుడు. పావు చుట్టు తిరుగునప్పటికి క, గ లపై ఉండిన కాళ్లు ఖ, ఘ ల పైకి వచ్చును; ఖ, ఘ లపై ఉండినవి గ, క ల పైకి పోవును. మొదటి జత మొత్తము నుండి రెండవ జత మొత్తమును తీసివేసినచో మొదట 8 − 12 = −4 వచ్చినది; ఇప్పుడు 12 − 8 = +4 వచ్చును. −4 నుండి +4 కు ఎక్కడను గంతు వేయక క్రమముగా మారిన రాశి నడుమ ఒకచోట సున్న కాక తప్పదు. ఆ సున్నయే మనకు కావలసిన చోటు. అచ్చట నాలుగు కాళ్లును నేలను తాకును. పావు చుట్టుకు మించి త్రిప్పవలసిన పని లేదు.

బల్ల ఒరిగినప్పుడు కాళ్లు ప్రక్కకు కొంచెము జరుగును. ఆ జరుగుబాటును పైలెక్కలో వదలివేసితిమి. ఈ యుక్తిని 1973లో మార్టిన్ గార్డ్నర్ తన గణితశీర్షికలో పలువురికి పరిచయము చేసెను. ఒరుగుటను కూడ లెక్కలోనికి తీసికొని బారిటొంపా, లోవెన్, పోల్‌స్టర్, రాస్ అను నలుగురు 2007లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, నేలవాలు ఎక్కడను సుమారు 35 డిగ్రీలకు మించక, కాళ్లు కర్ణములో సగమునకు తగ్గక ఉన్నచో ఈ మాట నిజమే. దీర్ఘచతురస్రపు బల్లకును ఇది వర్తించును, కాని దానిని పావు చుట్టుకంటె ఎక్కువ త్రిప్పవలసి రావచ్చును. ఏల అనునది విద్యార్థులే ఆలోచింతురుగాక. కర్ణపు కొనల మొత్తము ఎచ్చట గరిష్ఠమో, ఎచ్చట కనిష్ఠమో చూడుడని మాత్రము చెప్పెదను.

"గంతు వేయక" అన్న మాటలోనే షరతు అంతయు ఉన్నది. మట్టినేల, గరుకు సిమెంటు, రాతిబండ క్రమముగా ఎగుడుదిగుడగును. పాదచారుల బాటపై పలకలు పరచి, ఒక పలక అంచు పైకి లేచియున్నచో అచ్చట ఎత్తు ఒక్కసారిగా మారును. బల్లకాలు ఆ అంచును దాటునప్పుడు −2 నుండి +3 కు దుమికి, సున్నను తాకకయే పోవచ్చును. పలకలు సరిగా కూర్చని బాటపై ఈ యుక్తి పారకపోయినచో తప్పు గణితముది కాదు.

రెండవ షరతు కాళ్ల పొడవు. దోషము నేలదా, వడ్రంగిదా అని తేల్చుటకు ఒక చక్కని ఉపాయము కలదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయింపవచ్చును. కాళ్లకు 1, 2, 3, 4 అని వరుసగా సున్నముతో అంకెలు వేయుడు. బల్ల 1, 3 లపై ఆని ఊగినచో సందునకు ధనచిహ్నము, 2, 4 లపై ఊగినచో ఋణచిహ్నము పెట్టుడు. ఒకసారి కొలిచి, సరిగా పావు చుట్టు త్రిప్పి మరల కొలువుడు. నేలదోషము చిహ్నము మార్చుకొనును, కాళ్లదోషము మార్చుకొనదు. మొదట +5, పిదప −1 వచ్చినదనుకొనుడు. రెంటి సగటు +2: ఇది కాళ్లదోషము, అనగా 1, 3 కాళ్ల మొత్తము 2 మి.మీ. హెచ్చు. భేదములో సగము 3: ఇది నేలదోషము. ఈ బల్ల నున్నని గచ్చుపై ఎంత త్రిప్పినను ఊగుచునే ఉండును. పై ఎగుడుదిగుడు నేలపై మాత్రము +5 నుండి −1 కు పోవునప్పుడు ఒకచోట నిలుచును! మంచి నేల కంటె చెడ్డనేలయే దానికి అనుకూలమన్నమాట.

ఇంత శ్రమ యేల, బల్లలన్నిటికిని మూడుకాళ్లే పెట్టరాదా అని అడుగవచ్చును. ఊగకపోవుట వేరు, పడకపోవుట వేరు. బల్ల గరిమనాభి కాళ్లను కలుపు బహుభుజి లోపల ఉన్నంతవరకే అది నిలుచును. నడుమ నుండి కాళ్లు 45 సెం.మీ. దూరమున ఉన్నచో, మూడుకాళ్ల బల్లకు నడుమ నుండి అంచు 22.5 సెం.మీ. దూరము, నాలుగుకాళ్ల బల్లకు 31.8, అయిదుకాళ్లకు 36.4. ముక్కాలి బల్ల రెండు కాళ్ల నడుమ చేయి ఊనినచో సులభముగా బోర్లపడును. ఆ ప్రక్క కార్యాలయములలో చక్రముల కుర్చీలకు అయిదు కాళ్లుండుట ఇందుకే; అచ్చటి గచ్చు చదునైనది గనుక ఊగుడు బాధ లేదు.

వానకాలపు మెత్తని నేల సంగతి వేరు. అచ్చట బల్ల మొదట నిలిచినను, బరువు పడిన కాలు దిగబడును. బల్లయు వడ్డించిన పాత్రలును కలిసి 40 కిలోలనుకొందము. కాలికి 10 కిలోల చొప్పున, కాలి కొన వైశాల్యము 2 చదరపు సెం.మీ. అయినచో, ప్రతి చదరపు సెం.మీ.పైనను 5 కిలోల భారము. పది సెం.మీ.ల భుజముగల చదరపు చెక్కను క్రింద పెట్టినచో అది 0.1 కిలోకు, అనగా ఏబదవ వంతుకు తగ్గును. పెండ్లిపందిళ్లలో వంటవారు బల్లకాళ్ల క్రింద ఇటుకబిళ్లలు వేయుట ఈ లెక్కయే.

ఆనాడు నేను అట్టముక్కను తీసివేయించి, కుర్రవానిచేత బల్లను మెల్లగా త్రిప్పించితిని. పావు చుట్టులో సగము కూడ తిరుగకమునుపే అది కదలక నిలిచినది. కుర్రవాడు రెండు చేతులతో అదిమి చూచి, గ్లాసు నిండ టీ పోసి దానిపై పెట్టెను. టీ ఒకవైపు అంచును తాకుచు, రెండవవైపు వేలెడు మందము క్రిందికి ఉండెను. ఊగని బల్ల మట్టముగా ఉండునని మన లెక్క ఎక్కడను చెప్పలేదు. దానికి రసమట్టమును, కాళ్లకు మరచీలలును కావలెను. "పోనీ సార్, సగమే పోస్త" అనెను కుర్రవాడు.