తగ్గిన తరువాత

"మంచిగైండు గద, ఇంక గోలీలెందుకు?"

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో మతి చెదిరి కోలుకున్న కుర్రవాడున్న ఇంట, కొన్నాళ్ళకు తల్లి అడిగే ప్రశ్న ఇదే. ఆమెను తప్పు పట్టడానికి లేదు. జ్వరం తగ్గితే మందు మానడమే మనమెరిగిన పద్ధతి గదా!

ఈ జబ్బు తీరు వేరు. ఎవరూ లేకుండానే మాటలు వినబడటం, అయినవాళ్ళే అన్నంలో విషం కలుపుతున్నారనుకోవడం - మొదటిసారి వచ్చినప్పుడు ఇవి మందులతో చాలామందికి తగ్గుతాయి. చిక్కల్లా ఆ తరువాతనే. న్యూయార్కులో అలా కోలుకున్న 104 మందిని గమనించి 1999లో ఫలితాలు ప్రకటించారు. ఐదేళ్ళలో నూటికి 82 మందికి తిరగబెట్టింది. మందు మానినవారికి ఆ ప్రమాదం సుమారు 5 రెట్లు. మానిన మర్నాడే ఏమీ కాదు సుమా! వారాలు, నెలలు బాగానే గడుస్తాయి. మోసమంతా అక్కడే ఉంది. అందుకే తగ్గాక కూడా ఒకటి రెండేళ్ళయినా వాడమంటారు డాక్టర్లు.

పాలమూరు వాడికి మరో చిక్కు, వలస. ముంబైకో పూణేకో పనికి పోయేటప్పుడు సంచిలో నెల మాత్రలుంటాయి. అవి అయిపోయాక ఏ ఆసుపత్రికి పోవాలి, ఏ భాషలో చెప్పుకోవాలి? పైగా రాత్రి పనులు, నిద్ర ఉండదు. డాక్టరు రాసిన చీటీ వెంట ఉంటే సగం కష్టం తీరుతుంది. ఇక గంజాయి జోలికి పోతే జబ్బును పిలిచి పీట వేసినట్టే. మత్తుమందు కలిపిన కల్లు మాట కూడా డాక్టరు దగ్గర దాచకూడదు. అలాంటి కల్లు హఠాత్తుగా మానినా మతి చెదరవచ్చు, అప్పుడు చేసే వైద్యం వేరు.

ఇంట్లో మాట సంగతీ చిన్నది కాదు. ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల వద్దకో భార్య వద్దకో వెళ్ళినవారికంటే అద్దెగదుల్లో ఉన్నవారే మెరుగ్గా ఉన్నారని 1958లో లండనులో తేలితే అందరూ విస్తుపోయారు. కారణం వెదికితే దొరికింది ఎడతెగని సాధింపు. మన దేశంలో చండీగఢ్‌లో చూస్తే అటువంటి ఇళ్ళు తక్కువే. కాని రోగిని అసహ్యించుకున్న ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 1987లో వెల్లడైంది. ఎర్రగడ్డ పేరునే ఎగతాళి మాట చేసుకున్న మనం ఆలోచించవలసిన విషయమే.

కుర్రవాడు మాత్ర దిండుకింద దాస్తున్నాడా? తిట్టకండి. ఒళ్ళు బరువెక్కడమో, పొద్దెక్కినా మత్తు వదలకపోవడమో కారణం కావచ్చు. డాక్టరుతో చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. ప్రతిసారీ హైదరాబాదు దాకా పోనక్కరలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే సలహా చెబుతారు. రెండు మూడు రాత్రులు వరుసగా నిద్ర పట్టక వాకిట్లో పచార్లు చేస్తుంటే మాత్రం అమావాస్య పోనీ అని ఆగకండి, ఆ వారమే చూపించండి.