గేటు ముందు ఆ కాసేపు

హౌరా-ముంబై ప్రధాన మార్గంలో రాయపూర్ పెద్ద కూడలి. మన విజయనగరానికి చేరే లైను ఇక్కడే మొదలవుతుంది. బొగ్గు, ఉక్కు మోసే గూడ్సుబండ్లు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి.

గేటు పడగానే కడ్డీ కిందనుంచి సైకిలు వంచి దూరేవారు ఎక్కడైనా కనిపిస్తారు. బండి ఇంకా దూరాన ఉన్నదని వారి ధీమా. కాని గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు సాగుతుంది. ఉక్కు పట్టాలపై ఉక్కు చక్రాలకు పట్టు తక్కువ. డ్రైవరు మనిషిని చూసి బ్రేకు వేసినా, బరువైన బండి నిలవడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. పక్కకు తొలగడం రైలుకు సాధ్యం కాదు, తొలగవలసినది మనిషే.

జంట లైన్లవద్ద మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. వెళ్ళిపోతున్న బండి చాటున, దాని రొదలో, ఎదురు లైనుపై వచ్చే బండి కనబడదు, వినబడదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలాలేని గేటువద్ద బడి బస్సును రైలు ఢీకొన్నది. ఎందరో పసివారు బలి అయ్యారు. 2019 జనవరి ఆఖరునాటికి బ్రాడ్‌గేజి మార్గాలపై అటువంటి గేట్లన్నీ తొలగించారు. ఇక తొలగవలసినది మన తొందరపాటే. గేటు పూర్తిగా లేచేదాకా ఆగితే పోయేది కొద్ది నిమిషాలు. ఆగకపోతే పోయేది తిరిగిరాదు.