వందేళ్ల నాటి చైనా రాగి నాణెం.. చిల్లర ధరా, లక్షలా? తేల్చేది మధ్యలో ఉన్న ఆ ఒక్క అక్షరమే!

ఒకవైపు మెలికలు తిరిగిన డ్రాగన్. మరోవైపు చైనా అక్షరాలు. సైజు, బరువు దాదాపు మన పది రూపాయల బిళ్లంతే. పాత నాణేల అమ్మకాల గ్రూపుల్లో ఇలాంటి రాగి నాణెం ఫొటో కనిపిస్తే చాలు.. కింద ‘అరుదైనది, లక్షలు పలుకుతుంది’ అని రాసి ఉంటుంది. ఇందులో నిజమెంత? నిజానికి ఈ నాణేలు ఒకప్పుడు కుప్పలు తెప్పలుగా ముద్రించినవే. చాలా రకాలు ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి. కానీ అదే డ్రాగన్, అదే సైజు ఉన్న కొన్ని నాణేల కోసం మాత్రం కలెక్టర్లు వేలంలో పోటీ పడతారు. తేడా ఎక్కడుందో తెలియాలంటే 1900 నాటి చైనాకు వెళ్లాలి.

చిల్లర కరువుతో మొదలైంది

అప్పటిదాకా చైనా సామాన్యుడి డబ్బు అంటే మధ్యలో చతురస్రపు చిల్లు ఉన్న పోత నాణెం. దాన్ని ‘వెన్’ అంటారు, విదేశీయులు ‘క్యాష్’ అనేవారు. దారానికి గుచ్చి దండలుగా మోసుకెళ్లేవారు. 19వ శతాబ్దం చివరికి రాగి ధర పెరగడంతో వాటిని పోయడం ప్రభుత్వానికి నష్టంగా మారింది. జనం కూడా నాణేల్ని కరిగించి లోహంగా అమ్ముకోవడం మొదలుపెట్టారు. దాంతో మార్కెట్లో చిల్లర కరువు.

దీనికి మందు గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్ కనిపెట్టింది. అక్కడి టంకశాలకు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి తెప్పించిన యంత్రాలు అప్పటికే ఉన్నాయి. 1900లో అక్కడ చిల్లు లేని గుండ్రటి రాగి నాణెం ముద్రించారు. ‘ఇలాంటివి వంద ఇస్తే ఒక వెండి డాలరు’ అని నాణెం మీదే రాశారు. జనం ఎగబడి తీసుకున్నారు.

అసలు కథ ఇక్కడే. ‘పది వెన్’ అని ముద్ర వేసిన నాణెంలో పది వెన్‌ల విలువ చేసే రాగి లేదు. ఆ మిగులంతా టంకశాలకు లాభమే. ఈ సంగతి తెలిశాక మిగతా ప్రావిన్సులు ఊరుకుంటాయా? హుబే, హునాన్, జియాంగ్సు, ఝెజియాంగ్, ఫుజియాన్, అన్హుయ్, సిచువాన్.. వరుసగా మెషిన్లు బిగించేశాయి. పాత చిల్లు నాణేల్ని కరిగించి మరీ కొత్తవి కొట్టారు. తమ నాణేల్ని పక్క ప్రావిన్స్‌లోకి తోసేయడం, పక్కవాళ్ల నాణేలు మాత్రం రాకుండా నిషేధం పెట్టడం.. ఐదారేళ్లు ఇదే ఆట.

ఫలితం ఊహించిందే. విలువ పడిపోయింది. 1920ల నాటికి ఒక్క వెండి డాలరు కావాలంటే 200కు పైగా రాగి నాణేలు ఇవ్వాల్సి వచ్చింది. కూలి డబ్బులు రాగిలో తీసుకునే వాళ్ల చేతికి వచ్చేది అదే సంఖ్య, కొనగలిగేది మాత్రం సగం కూడా కాదు. ఇప్పుడు ఆల్బమ్‌లో ముద్దుగా కనిపించే ఈ బిళ్లలు అప్పట్లో పేదవాడి జేబుకు పడ్డ చిల్లు అన్నమాట.

ఆ అక్షరం ఏంటి?

మొదట వచ్చిన నాణేలపై ‘గ్వాంగ్‌షు యువాన్‌బావో’ అని చక్రవర్తి పాలనా కాలం పేరు ఉంటుంది. చాలా వరకు ప్రావిన్స్ పేరు చైనా లిపిలోనూ, ఇంగ్లిష్‌లోనూ కనిపిస్తుంది. ఈ ఇంగ్లిష్ స్పెల్లింగులు ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండవు. జియాంగ్షీ నాణేల మీదే ‘కియాంగ్-సీ’ చివర ఒక రకంలో రెండు ‘ఈ’లు, ఇంకో రకంలో ఒక్క ‘ఐ’. కలెక్టర్లకు ఇవి రెండు వేర్వేరు రకాలు.

ఈ గందరగోళానికి కళ్లెం వేయాలని 1905లో బీజింగ్ ‘దా చింగ్ తోంగ్ బి’, అంటే ‘మహా చింగ్ రాగి నాణెం’ పేరుతో దేశమంతటికీ ఒకే డిజైన్ తెచ్చింది. ఏ ప్రావిన్స్‌లో కొట్టారో తెలియడానికి ముందువైపు సరిగ్గా మధ్యలో ఒక చిన్న అక్షరం పెట్టారు. హుబేకి ‘ఓ’, హునాన్‌కి ‘షియాంగ్’, గ్వాంగ్‌డాంగ్‌కి ‘యువె’, సిచువాన్‌కి ‘చువాన్’. చైనీస్ రానివాళ్లు కూడా ఈ చివరిదాన్ని ఇట్టే పట్టేయొచ్చు, మూడు నిలువు గీతలే. కేంద్ర టంకశాల నాణేల మీద ఆ చోటు ఖాళీగా ఉంటుంది.

హుబే, హునాన్, గ్వాంగ్‌డాంగ్ నాణేలు ఎడాపెడా వచ్చాయి కాబట్టి అవి మామూలే. సిచువాన్, యునాన్ అక్షరాలు రెండూ కలిపి ‘చువాన్-దియెన్’ అని ఉన్న నాణెం మాత్రం దొరకడం కష్టం. దొరికితే ముందు అనుమానించాలి, ఎందుకంటే నకిలీలు ఎక్కువగా చేసేది ఇలాంటివాటికే. మామూలు నాణెం మధ్యలో అక్షరాన్ని చెక్కేసి అరుదైన అక్షరం పెట్టే ఘనులూ ఉన్నారు.

అక్షరం ఒక్కటే కాదు, డ్రాగన్ కూడా చూడాలి. ఎగిరే డ్రాగన్, కింద అలలున్న డ్రాగన్, ఎదురుగా మొహం పెట్టిన డ్రాగన్.. ఒకే ప్రావిన్స్‌లో ఇన్ని రకాలు. ఒక ప్రావిన్స్ ముందు అచ్చుకి ఇంకో ప్రావిన్స్ వెనక అచ్చు కలిసిపోయినవి ఉన్నాయి. కొరియా ‘5 ఫున్’ నాణేల మీదే చైనా అచ్చు కొట్టేసినవీ ఉన్నాయి, జాగ్రత్తగా చూస్తే పాత గీతలు కింద కనిపిస్తాయి. ట్రేసీ ఉడ్‌వర్డ్ అనే కలెక్టర్ 1930ల్లోనే ఒక్క పది వెన్ నాణేల్లోనే వందల రకాలను విడదీసి రాశారు. కలెక్టర్లు ఇప్పటికీ ఆ నంబర్లనే వాడతారు.

రాచరికం పోయినా ఆగలేదు

1912లో సిచువాన్ సైనిక ప్రభుత్వం ‘హాన్’ అనే పెద్ద అక్షరంతో నాణేలు తెచ్చింది. దాని చుట్టూ ఉన్న 18 వలయాలు 18 ప్రావిన్సులకు గుర్తు. తర్వాత యుద్ధ ప్రభువుల ఖర్చులు పెరిగే కొద్దీ 100 వెన్, 200 వెన్ అంటూ అంకె పెరుగుతూ పోయింది. 1930ల్లో సిచువాన్-షాన్షీ సరిహద్దుల్లోని కమ్యూనిస్టు ప్రభుత్వం సుత్తి కొడవలి గుర్తుతో 200, 500 వెన్ నాణేలు కొట్టింది. వీటికి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, అంతకు మించి నకిలీలు ఉన్నాయి. పాతదైతేనే అరుదు అనుకోవద్దు. 1949 నాటి గుయిజౌ అర సెంటు రాగి నాణెం వయసులో చిన్నదే, కానీ దొరకదు.

మన దేశంతో లింకున్న నాణెం కూడా సిచువాన్‌లోనే ఉంది. అయితే అది రాగి కాదు, వెండి. టిబెట్ సరిహద్దుల్లో విక్టోరియా బొమ్మ ఉన్న భారత రూపాయి బాగా చెలామణి అవుతుంటే, దానికి పోటీగా రాణి స్థానంలో చైనా చక్రవర్తి బొమ్మతో ‘సిచువాన్ రూపాయి’ కొట్టారు.

కొనేముందు, అమ్మేముందు

మొదట తూకం. పది వెన్ నాణెం సుమారు 7 గ్రాముల పైన, వెడల్పు 28 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఒకటి రెండు గ్రాములు తేడా వస్తే ఆలోచించాల్సిందే. అయస్కాంతానికి అంటుకుంటే అక్కడితో వదిలేయండి, రాగి అంటుకోదు. అసలు నాణేలు యంత్రంతో ముద్రించినవి. కాబట్టి ఉపరితలం మీద సన్నటి బుడగల గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే అది పోత పోసిన నకిలీ. కొత్త నాణెం మీద యాసిడ్‌తో పచ్చ చిలుము తెప్పించడం పాత ట్రిక్కే. గ్రేడింగ్ కంపెనీల ప్లాస్టిక్ పెట్టెలకూ నకిలీలు వచ్చాయి, కాబట్టి పెట్టె మీది నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి.

చింతపండు, పీతాంబరి పెట్టి తోమడం మాత్రం వద్దే వద్దు. దేవుడి గదిలో రాగి చెంబుకు అది ఓకే. నాణేనికి వందేళ్లలో పట్టిన ముదురు రంగు పోతే ధరలో పెద్ద భాగం దాంతో పాటే పోతుంది.

‘మీ నాణెం కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అని ఎవరైనా అడిగితే అది మోసమే. ఆర్బీఐ పేరుతో పాత నోట్లు, నాణేల లావాదేవీలకు ఫీజులు, కమీషన్లు అడుగుతున్నారని, తమకు దానితో సంబంధం లేదని ఆ సంస్థ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందకే వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటకు పంపడం చట్టవిరుద్ధం. 1905 డ్రాగన్ నాణెం చేతిలో ఉండి, విదేశీ కొనుగోలుదారు ‘పార్సిల్ చేసేయండి’ అంటే ఈ చట్టం గుర్తుంచుకోవాలి.