ఎరువుల అధిక ధర: రైతునకు గల న్యాయమార్గములు

లేపాక్షి ప్రాంతపు మెట్టపొలములకు వాన వచ్చుటయే అరుదు. వచ్చినప్పుడు పదును ఆరకమునుపే రాగికో మొక్కజొన్నకో యూరియా చల్లవలెను. ఆ నాలుగైదు దినములలో బజారునకు పోయిన రైతు బేరమాడజాలడు; అంగడివాడు చెప్పినదే ధర యగును. అధిక ధర పుట్టుటకు మూలము రైతు తెలివితక్కువతనము కాదు, ఈ తొందరయే. కావున చట్టము నెరిగియుండుట యొక్కటే చాలదు. తొందరలో నున్నవాడు సయితము చేయదగిన పని యేదో తెలిసియుండవలెను.

యూరియా ధరను కేంద్రప్రభుత్వము నిర్ణయించుచున్నది. 2018 నుండి 45 కిలోల సంచి వెల 242 రూపాయలు. వేపనూనె పూత ఖర్చును, పన్నును చేర్చగా రైతు ఇయ్యవలసినది సుమారు 267 రూపాయలు. సంచిపై ముద్రించిన అంకెయే తుది ధర. బండి బాడుగ హెచ్చినదనియు, హమాలీ కూలి వేరనియు చెప్పి అంతకు మించి పుచ్చుకొనుట చెల్లదు. 1985 సంవత్సరపు ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారము వర్తకుడు నిలువను, ధరలను అందరికి కనబడునట్లు పట్టికగా కట్టవలెను. కొన్న ప్రతివానికి రసీదు ఇయ్యవలెను. ఈ ఉత్తరువును మీరినవానికి 1955 సంవత్సరపు నిత్యావసర వస్తువుల చట్టము క్రింద 7 సంవత్సరముల వరకు కారాగారశిక్షయు, జరిమానాయు విధింపవచ్చును.

“యూరియా కావలెనన్న ఈ సీసా గూడ కొనుము” అనుట మరియొక పద్ధతి. అక్కరలేని సరకును అంటగట్టుటయు 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అక్రమ వ్యాపారమే.

రైతు పంట అమ్ముకొనువాడు గదా, అతడు వినియోగదారుడెట్లగునని కొందరు వాదింతురు. ఈ వాదము మన రాష్ట్రపు రైతుల వ్యాజ్యములోనే తేలిపోయినది. నాసి విత్తనములవలన నష్టపడిన ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థపై వినియోగదారుల న్యాయస్థానములకు పోయిరి. విత్తనములకు వేరు చట్టము కలదనియు, రైతులు నమూనాలను పరీక్షకు పంపలేదనియు సంస్థ వాదించెను. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. రైతు వినియోగదారుడే యనియు, కొన్న గింజలన్నియు విత్తుకొనువాడు పరీక్షకొరకు కొన్ని దాచియుంచవలెననుట తగదనియు తీర్పు చెప్పెను. మనకు మిక్కిలి పనికివచ్చు తీర్పు ఇది.

ఇక సాక్ష్యము మాట. యంత్రమునుండి వచ్చు చీటీలో సరియైన ధరయే యుండును. హెచ్చు పైకము చేతికి చేయిగా పోవును. చీటీ చూపినచో వర్తకుడే నిర్దోషిగా కనబడును. ఇచ్చటనే చాలమంది ఓడిపోవుచున్నారు. దీనికి సులభమైన ఉపాయ మొకటి కలదు. అడిగినంత సొమ్మును సెల్‌ఫోనుద్వారా చెల్లింపుడు. చీటీలోని మొత్తమునకును, ఫోనులోని మొత్తమునకును గల భేదమే సాక్ష్యమగును. వర్తకుడు నగదే కావలెనని పట్టుబట్టినచో తోడివారి నెదుట చెల్లించి, వారి పేర్లును, తేదీని ఆనాడే వ్రాసియుంచుకొనుడు. చేను ఎండనిచ్చి అంగడిలో తగవులాడ నక్కరలేదు. ఎరువు చల్లి, పిమ్మట ఫిర్యాదు చేయవచ్చును.

మార్గములు రెండు. మండల వ్యవసాయాధికారికి వ్రాసినచో అంగడి తనిఖీ జరుగును. తప్పు రుజువైనచో వర్తకుని అనుమతిపత్రము పోవచ్చును. అయితే దానివలన మీ సొమ్ము మీకు రాదు. సొమ్మును, నష్టపరిహారమును కోరువారు జిల్లా వినియోగదారుల వివాద పరిష్కార కమీషనును ఆశ్రయింపవలెను. వకీలు అక్కరలేదు, సరకు వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుమును లేదు. రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. అంతకు ముందు 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

సంచికి ఏబది రూపాయలకై ఎవడు జిల్లా కచేరికి తిరుగునని మీరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒంటరి రైతునకు అది గిట్టుబాటు కాదు. అందుచేతనే ఒకే విధమైన నష్టము పొందినవారు కమీషను అనుమతితో అందరి తరపునను ఒకే ఫిర్యాదు చేయుటకు చట్టము వీలు కల్పించినది. ఒక గ్రామములో నలువదిమంది చీటీలు కూడినచో అది చిన్న మొత్తము కాదు. ఆ కాగితములు సేకరించుట సంఘములకు తగిన పని.

మన సంఘపు గిడ్డంగియు ఎరువులమ్మునప్పుడు ఈ ఉత్తరువునకు లోబడినదే. అచ్చట ధరల పట్టిక లేకున్నను, చీటీ ఇయ్యకున్నను సభ్యులు మొగమాటపడక అడుగవలెను.