తత్కాల్ టికెట్: అందరికీ ఒకే వరుస

అమ్మమ్మగారి ఊరికి అనుకోకుండా బయలుదేరాల్సి వస్తే, మన ఇళ్ళలో ఎవరో ఒకరు ఉదయం పది కాకముందే ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. రైలు బయలుదేరే రోజుకు ముందు రోజు ఏసీ తరగతులకు పది గంటలకు, మిగిలిన తరగతులకు పదకొండు గంటలకు తత్కాల్ బుకింగ్ మొదలవుతుంది. పేర్లు నింపి డబ్బు కట్టేలోగా వెయిటింగ్ లిస్టు వచ్చేస్తుంది. "ఇంత త్వరగా ఎలా అయిపోయాయి?" అని అందరికీ అనుమానం.

ఆ అనుమానం ఊరికే రాలేదు. పేరు, వయసు టైపు చేయడానికి మనకు నిమిషం పడుతుంది. 'బాట్' అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆ పని క్షణాల్లో చేసేస్తుంది. బుకింగ్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో జరిగే లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవే ఉంటున్నాయని 2025లో రైల్వే శాఖ తెలిపింది. అనుమానాస్పదమైన రెండున్నర కోట్లకు పైగా ఐడీలను మూసేసింది.

2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ కొనాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. జూలై 15 నుంచి ఆధార్ ఓటీపీ కూడా తప్పనిసరి అయింది. ఒకే మనిషి వందల దొంగ ఖాతాలు తెరవకుండా ఇది అడ్డుకుంటుంది. ఏజెంట్లు మొదటి అరగంట తత్కాల్ టికెట్లు తీయకూడదు.

అయితే, దొంగలను ఆపే తాళం ఇంటివాళ్ళనే బయట నిలబెట్టకూడదు కదా! ఓటీపీ ఆధార్‌లో నమోదైన నంబరుకే వస్తుంది. బదిలీ మీద కొత్త రాష్ట్రానికి వచ్చి సిమ్ మార్చేసిన కుటుంబానికి ఆ ఓటీపీ అందదు. కాబట్టి నంబరు మారిన వెంటనే ఆధార్‌లోనూ మార్పించుకోవాలి. స్మార్ట్‌ఫోన్ వాడని తాతగారి లాంటివారి కోసం స్టేషన్‌లో కౌంటర్ కూడా ఉండాలి.

బెర్తులు తక్కువ, ప్రయాణికులు ఎక్కువ. ఎంత మంచి వెబ్‌సైట్ అయినా అందరికీ టికెట్ ఇవ్వలేదు. కానీ ఆ బెర్తు మనలాగే వరుసలో నిలబడిన మరొకరికి దక్కిందని తెలిస్తే, నిరాశపడతాం కానీ మోసపోయామనుకోము. ప్రభుత్వ సేవల మీద నమ్మకం అంటే అదే.