బడి గేయనాటికకు ఊరి కళాకారుడే గురువు

ఆగస్టు 15, జనవరి 26, బడి వార్షికోత్సవం దగ్గర పడుతున్నాయంటే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఊళ్లలో బడిపిల్లల ఆటపాటల సందడి మొదలవుతుంది. చాలాచోట్ల జరిగేది ఒకటే. సినిమా పాట పెట్టి, దానికి నాలుగడుగులు నేర్పి పిల్లలను వేదిక ఎక్కిస్తారు. పిల్లలు నోరు మెదపరు. పాడేదంతా యంత్రమే.

పిల్లలే పాడి, ఆడి, మాట్లాడి ఒక కథను చూపించడం గేయనాటిక. దానికి కావలసిన విద్యను ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కరలేదు. ఒగ్గుకథ, భాగోతం, దండారి రూపంలో అది ఈ ఊళ్లలోనే ఉంది. దానిని బడి గుమ్మం దాటించేవారే కావాలి.

హన్మాజీపేట చెప్పే సంగతి

వేములవాడ రూరల్ మండలంలోని హన్మాజీపేట ఇందుకు మంచి ఉదాహరణ. డాక్టర్ సి. నారాయణరెడ్డి 1931లో పుట్టింది ఈ ఊళ్లోనే. వీధిబడిలో అక్షరాలు దిద్దిన ఆయన చిన్ననాట హరికథలు, జంగం కథలు, పల్లెపాటలు విని పెరిగారు. సిరిసిల్లలోనూ, కరీంనగర్‌లోనూ చదివిన చదువంతా ఉర్దూ మాధ్యమంలోనే. అయినా ఆయన తెలుగు పాట ఎండిపోలేదు. బడి ఇవ్వని తెలుగును ఊరి కథకులు ఇచ్చారు. 1953లో అచ్చయిన ఆయన మొదటి పుస్తకం ‘నవ్వని పువ్వు’ గేయనాటిక కావడం గమనించదగిన విషయం. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. ఆ తర్వాత 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు.

ఒగ్గుకథను పేరుకెక్కించిన మిద్దె రాములుదీ హన్మాజీపేటే. ఆయన 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల్లో కథ చెప్పి వచ్చారు. ఒకే ఊరిలో ఒకరు కలం పట్టారు, మరొకరు గజ్జె కట్టారు. ఇద్దరికీ మొదటి పాఠశాల ఊరి పాటే.

తెర లేకున్నా కథ ఆగదు

ఒగ్గు అంటే శివుని డమరుకం. దాని పేరుతోనే ఈ కథకు పేరు వచ్చింది. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను డోలు, తాళాల నడుమ చెబుతారు. ఓదెల మల్లన్న వంటి క్షేత్రాల్లో ఈ డోలు మోత ఎరగని వారుండరు.

ఈ కథకు తెర అక్కరలేదు, రంగుల పరదాలు అక్కరలేదు. ప్రధాన కథకుడు భుజం మీది కండువాను తలపై కప్పుకుంటే తల్లి, నడుముకు బిగిస్తే రాజు, చంకలో ముడిచి పట్టుకుంటే పసిబిడ్డ. పక్కనున్న వంతదారు ‘ఊ’ కొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథను ముందుకు నడుపుతాడు. వేషాలకు, సామానుకు డబ్బు లేదని వెనుకాడే బడులకు ఇంతకంటె చవకైన, ఇంతకంటె బలమైన పద్ధతి మరొకటి లేదు.

రిహార్సల్ ఎట్లా సాగాలి

ఉదాహరణకు ఊరూరా తెలిసిన హరిశ్చంద్ర కథలో కాశీ ఘట్టాన్నే తీసుకోవచ్చు. అప్పు తీర్చడం కోసం రాజు తన భార్య చంద్రమతిని అమ్మకానికి నిలబెడతాడు. పక్కన కొడుకు లోహితుడు. వెంటపడి వేధించే నక్షత్రకుడు. కొనడానికి వచ్చిన కాలకౌశికుడు. చుట్టూ సంత జనం. ఐదు పాత్రలే అయినా సంత జనం పేరుతో ఒక తరగతి పిల్లలందరికీ ఇందులో పని దొరుకుతుంది.

ముందుగా నేర్పవలసింది వరుస. కాగితం చేతికిచ్చి మాటలు బట్టీ పట్టిస్తే పిల్లలు పాటను పాఠంలా అప్పజెబుతారు. ఊరి కళాకారులు అట్లా నేర్పరు. గురువు ఒక చరణం పాడతాడు, శిష్యులు తిప్పి పాడతారు. వరుస నోట నిలిచాకనే మాట. మాట నిలిచాకనే అడుగు.

రెండవది, ఘట్టాన్ని ముక్కలు చేసుకోవడం. నక్షత్రకుడు గొడవ పెట్టే చోట తాళం వడిగా నడవాలి. చంద్రమతి బిడ్డను పట్టుకొని ఏడ్చే చోట నిదానించాలి. బేరం జరిగే చోట పాట ఆగి మాట రావాలి. ఒక్కొక్క ముక్కను విడివిడిగా సాధన చేయించి, ఆ తర్వాత అతుకులు కలపాలి. నాటిక తప్పేది ఎక్కువగా ఈ అతుకుల దగ్గరే. పాట అయిపోయి తర్వాతి మాట ఎవరిదో తెలియక పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే పాట చివర డోలు మీద ఒక దెబ్బను గుర్తుగా పెట్టుకోవడం మేలు.

మూడవది గొంతు. పెద్దలు పాడే శ్రుతి పిల్లలకు అందదు. పైగా ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలకు అది గొంతు మారే వయసు. పిల్లల గొంతుకు తగినట్టు శ్రుతి మార్చుకోవాలే తప్ప అరిపించకూడదు. డోలు సంగతీ అంతే. అడుగు పడేటప్పుడు ఎంత మోగినా ఫరవాలేదు, పిల్లవాడు పాడేటప్పుడు మాత్రం అది అణగాలి. లేకుంటే వెనుక వరుసలో కూర్చున్న తల్లికి తన బిడ్డ మాట వినపడదు.

నాలుగవది వంత. బాగా పాడే ఇద్దరు ముగ్గురిని ఏరుకొని మిగతా పిల్లలను ఇంటికి పంపే అలవాటు మంచిది కాదు. వంత పాడేవారు పదిమంది ఉంటే, ఒకరు మాట మరిచినా మరొకరు అందిస్తారు. సిగ్గుపడే పిల్ల మొదట వంతలో నిలబడి, మరుసటి ఏడాది పాత్ర కట్టగలుగుతుంది.

నెలకు ముందు మొదలుపెట్టి, సాయంత్రం బడి వదిలాక గంట సేపు చేయిస్తే ఇరవై నిమిషాల ఘట్టం నిలబడుతుంది. చివరి రెండు మూడు రోజులు ఆడబోయే చోటనే, కట్టబోయే వేషాలతోనే చేయించాలి. గదిలో నేర్చిన అడుగు మైదానంలో కుదరదు. మైకు ముందు నిలబడటం కూడా నేర్చుకోవలసిన పనే.

మార్లవాయి చూపిన దారి

ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయికి ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉంది. ప్రస్తుతం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న ఈ గోండు గూడెంలోనే 1943లో హైమన్‌డార్ఫ్ ప్రోద్బలంతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమయింది. పిల్లలకు వారి గోండి భాషలోనే, వారి కథలతోనే చదువు మొదలుపెట్టాలన్నది అప్పటి ఆలోచన. తన పాట తెలిసిన పిల్లవాడు బడికి భయపడడన్నది అందులోని సారం.

గుస్సాడీ కనకరాజుదీ ఈ మార్లవాయే. 1982లో ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో ఆయన బృందం గుస్సాడీ ఆడింది. ఆయన తన ఆటను యువకులకు నేర్పారు. 2021లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

అయితే గుస్సాడీని బడి వేదిక మీదికి తేవడంలో ఒక జాగ్రత్త అవసరం. దీపావళి రోజుల్లో దండారి బృందాలు ఊరూరు తిరిగి ఆడేది వినోదానికి మాత్రమే కాదు. నెమలి ఈకల టోపీకి పూజ జరుగుతుంది. వేషం కట్టినవారు నియమాలు పాటిస్తారు. కనుక ఏ అడుగు, ఏ వాయిద్యం బయట చూపవచ్చునో, ఏది చూపకూడదో గూడెం పటేలును, పెద్దలను అడిగి తెలుసుకోవాలి. అట్ట ముక్కలతో టోపీ చేసి నవ్వులాటగా ఆడిస్తే ఆ పిల్లల ముందే వారి దేవుణ్ణి చిన్నబుచ్చినట్టవుతుంది.

గొంతు పోతే వరుస పోతుంది

ఒగ్గు కథకు పాఠ్యపుస్తకం లేదు. కథను రాసి పెట్టుకున్నా వరుసను, విరుపును కాగితం పట్టుకోలేదు. అది గొంతు నుంచి గొంతుకు పోవలసిందే. మిద్దె రాములు 2010లో కన్నుమూశారు. కనకరాజు 2024లో కన్నుమూశారు. వారికి పేరు వచ్చింది కనుక వారి ఆటపాటలు కొంతైనా నిలిచాయి. పేరు రాని కథకులు, భాగోతుల వాళ్లు ఇంకా ఎందరో ఊళ్లలో ఉన్నారు. వారి కొడుకులు ఇతర పనుల్లోకి పోయారు. నేర్చుకుంటామని అడిగేవారు లేక వారి వరుసలు వారితోనే ఉండిపోతున్నాయి.

బడి ఆ అడిగేవారు కాగలదు. ఊరి కళాకారుణ్ణి పిలిచినప్పుడు మాత్రం ఊరికే పిలవకూడదు. ఆయన ఆ నెల రోజులూ సాయంత్రాలు వదులుకొని వస్తాడు. దానికి తగిన పైకం గ్రామ పెద్దలు, తల్లిదండ్రులు కలిసి సమకూర్చాలి. వార్షికోత్సవం ఆహ్వాన పత్రంలో ముఖ్య అతిథుల పేర్లతో పాటు ‘నేర్పినవారు’ అని ఆయన పేరూ అచ్చువేయాలి. రిహార్సల్‌లో ఆయన పాడే వరుసలను ఎవరి సెల్‌ఫోన్‌లోనైనా రికార్డు చేసి బడిలో భద్రపరచాలి.

వచ్చే వార్షికోత్సవానికి ఊరికొక్క ఘట్టం ఈ విధంగా తయారయినా చాలు. ఒక్కొక్క ఊరిలో కనీసం పదిమంది పిల్లల నోట ఆ ఊరి వరుస మరో తరం నిలుస్తుంది.